50 అంతస్తుల టవర్, పైన 21 మిల్లీ జీ: గుండు వేలాడదీయాలా, నీళ్ల ట్యాంకు పెట్టాలా?

పునాది_రాయి:

నమస్కారం అందరికీ. డిజైన్ దశలో ఉన్న ఒక టవర్ గురించి అడుగుతున్నాను. మళ్లీ మళ్లీ అడిగించుకోకుండా వివరాలన్నీ ముందే పెడుతున్నాను.

ఎత్తు 180 మీటర్లు, 50 అంతస్తులు, అన్నీ నివాసాలే. ప్లాన్ సుమారు 32 × 30 మీటర్లు. మధ్యలో కాంక్రీట్ కోర్, చుట్టూ స్తంభాలు, 34వ అంతస్తులో ఒక ఔట్‌రిగ్గర్ (కోర్‌ను బయటి స్తంభాలతో కలిపే బలమైన చేయి). సర్వీస్ స్టిఫ్‌నెస్‌తో (బీటలు లేవనుకుని) మొదటి మోడ్ (బిల్డింగ్ అన్నిటికన్నా నిదానంగా ఊగే తీరు) పీరియడ్, అంటే ఒక పూర్తి ఊపుకు పట్టే సమయం, ఒక దిశలో 5.2 సెకన్లు, రెండో దిశలో 4.5. పైకప్పు దగ్గర కదలికను 1గా తీసుకుంటే మొదటి మోడ్ జనరలైజ్డ్ మాస్ (ఆ ఊపులో పాల్గొంటున్నట్టు లెక్కించే బరువు) దాదాపు 20,000 టన్నులు.

విండ్ టన్నెల్ రిపోర్టు ప్రకారం 10 ఏళ్ల గాలికి పై అంతస్తులో గరిష్ఠ త్వరణం 21 మిల్లీ జీ (గురుత్వ త్వరణంలో వెయ్యో వంతు ఒక మిల్లీ జీ). డ్యాంపింగ్ (ఊపును క్రమంగా అణిచే గుణం) 1.5 శాతం తీసుకున్నారు. మాకు 15 లోపు కావాలి. డ్రిఫ్ట్ (పక్కకు ఒరగడం) మాత్రం ఎత్తులో 500వ వంతు లోపే ఉంది, బలానికీ ఢోకా లేదు.

ఆర్కిటెక్ట్ తైపే 101 టవర్‌లో ఊపు తగ్గించడానికి వేలాడదీసిన గుండు ఫొటో చూపించి ఇలాంటిదే ఒకటి వేలాడదీద్దాం అంటున్నారు. క్లయింట్ ఇంకో అడుగు ముందుకేసి, ఎలాగూ గుండు పెడుతున్నాం, అది భూకంపాన్నీ చూసుకుంటుంది కాబట్టి కోర్ గోడల్లో స్టీలు తగ్గించమంటున్నారు. నాకు ఈ రెండో మాట దగ్గరే గుండె ఆగుతోంది. ఏది ఎంత పని చేస్తుందో లెక్కలతో చెప్పగలరా?

గాలిలెక్క:

స్టీలు సంగతి భూకంపాలు చూసేవాళ్లు చెబుతారు. నేను గాలి వరకే మాట్లాడతాను.

డ్రిఫ్ట్ పాసైనా త్వరణం ఎందుకు ఫెయిలైందో క్లయింట్‌కు ముందు అర్థమవ్వాలి. 5.2 సెకన్ల పీరియడ్‌లో బిల్డింగ్ అటూ ఇటూ 10 సెంటీమీటర్ల చొప్పున ఊగితే త్వరణం సుమారు 15 మిల్లీ జీ. 180 మీటర్ల ఎత్తుకు 10 సెంటీమీటర్లంటే 1,800వ వంతు. గోడకు బీట పడదు, అద్దం పగలదు. కానీ 5 మిల్లీ జీ దాటినప్పటి నుంచే చాలామందికి ఊపు తెలుస్తుంది. ఆఫీసులకు 10 ఏళ్ల గాలిలో 20 నుంచి 25 దాకా ఒప్పుకుంటారు, ఇళ్లకు 10 నుంచి 15. మనిషి రాత్రిపూట కదలకుండా పడుకున్నప్పుడు ఇంకా తొందరగా పసిగడతాడు. రిపోర్టు ఇచ్చిన ల్యాబ్‌ను ఒక ఏడాది గాలికి కూడా అంకె అడగండి. ఐఎస్ఓ 10137 (భవనాల ఊపుకు అంతర్జాతీయ ప్రమాణం) ఏడాదికి ఒకసారి వచ్చే గాలిని పట్టుకుని, ఫ్రీక్వెన్సీని బట్టి మారే గీతతో పోలుస్తుంది. ఒకదాంట్లో పాసై ఇంకోదాంట్లో తప్పడం మామూలే.

ఇక ఊపు ఎక్కడిది? ఎక్కువగా గాలి వీచే దిశలోది కాదు, దానికి అడ్డంగా వచ్చేది. బిల్డింగ్ రెండు పక్కల నుంచీ సుడులు ఒకదాని తర్వాత ఒకటి విడిపోతూ, కుడికీ ఎడమకీ మార్చి మార్చి లాగుతాయి. చతురస్రపు ప్లాన్‌కు స్ట్రౌహాల్ సంఖ్య (సుడుల లయను గాలి వేగంతో, వెడల్పుతో కలిపే అంకె) దాదాపు 0.12. మీ వెడల్పు 32 మీటర్లు, ఫ్రీక్వెన్సీ 0.192 హెర్ట్జ్. ఆ రెండింటినీ గుణించి 0.12తో భాగిస్తే సెకనుకు 51 మీటర్లు, అంటే గంటకు 184 కిలోమీటర్లు. సుడుల లయ, బిల్డింగ్ లయ కలిసేది ఆ వేగంలో. మీరు ఇంకా ఆ కొండ ఎక్కలేదు, వాలు మీద ఉన్నారు. అదే 20 మీటర్ల వెడల్పు, 0.15 హెర్ట్జ్ ఉన్న సన్నటి టవర్ అయితే గంటకు 90 కిలోమీటర్లకే శిఖరం మీద కూర్చుంటుంది.

కాబట్టి డ్యాంపర్ కంటే ముందు ఆకారం చూడండి. తైపే 101లో గుండు అందరికీ కనిపిస్తుంది గానీ, మూలల్ని మెట్లు మెట్లుగా కోసినందువల్ల గాలి మొమెంట్ (బిల్డింగ్‌ను వంచే ప్రభావం) దాదాపు 25 శాతం తగ్గిన సంగతి ఎవరూ ఫొటో తియ్యరు. షాంఘై టవర్ మెలిక, పైకి పోయేకొద్దీ సన్నబడటం కలిసి 24 శాతం దాకా తగ్గించాయి. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాలో అసలు గుండే లేదు. ఎత్తు పెరిగేకొద్దీ ప్లాన్ మారుతూ ఉంటుంది కాబట్టి సుడులకు అన్ని ఎత్తుల్లో ఒకే లయ కుదరదు. మీ ప్లాన్‌లో ఒక్కో మూల 3 మీటర్లు కోయడానికి ఇంకా వీలుంటే, మళ్లీ టన్నెల్‌కు పంపడానికి అయ్యే ఖర్చు దండగ కాదు. కోసిన మూలకు మెయింటెనెన్స్ ఉండదు.

గోడలు మందం చేసి స్టిఫ్‌నెస్ 10 శాతం పెంచినా ఫ్రీక్వెన్సీ పెరిగేది 5 శాతమే. మీకు త్వరణం 29 శాతం తగ్గాలి. అది ఆ దారిలో రాదు.

మిగిలింది డ్యాంపింగ్. త్వరణంలో రెజొనెన్స్ భాగం (లయ కలవడం వల్ల పెరిగేది) డ్యాంపింగ్ వర్గమూలానికి విలోమంగా పోతుంది. 21 నుంచి 15కి దిగాలంటే 1.5 శాతం ఉన్నది సుమారు 3 కావాలి. టీఎండీ (ట్యూన్డ్ మాస్ డ్యాంపర్, అంటే బిల్డింగ్ లయకు సరిపెట్టిన గుండు) బరువు జనరలైజ్డ్ మాస్‌లో 1 శాతం అయితే, అంటే 200 టన్నులు, సరిగ్గా ట్యూన్ అయినప్పుడు అది చేర్చే డ్యాంపింగ్ దాదాపు 2.5 శాతం (మాస్ నిష్పత్తి వర్గమూలంలో నాలుగో వంతు). మొత్తం 4 అవుతుంది, త్వరణం 13కు దిగుతుంది. కాగితం మీద 0.4 శాతం బరువే చాలినట్టు కనిపిస్తుంది. దాని జోలికి పోవద్దు. బరువు తగ్గేకొద్దీ ట్యూనింగ్ పొరపాటును ఓర్చుకునే శక్తి తగ్గుతుంది, గుండు ప్రయాణించే దూరం పెరుగుతుంది.

ఆ దూరాన్ని మొదటి స్కెచ్‌లో అందరూ మర్చిపోతారు. 1 శాతం బరువుకు గుండు, బిల్డింగ్ ఊపుకు దాదాపు 7 రెట్లు ఊగుతుంది. బిల్డింగ్ 10 సెంటీమీటర్లు ఊగితే గుండు అటు 70, ఇటు 70. ఇది 10 ఏళ్ల గాలికి. అంతకన్నా పెద్ద గాలికీ, బంపర్ రింగుకూ (గుండు హద్దు దాటకుండా ఆపే వలయం) కలిపి ప్రతి వైపూ 1.2 మీటర్లు వదలండి. 2015 ఆగస్టు తుఫానులో తైపే 101లోని 660 టన్నుల గుండు మీటరు దాకా ఊగింది.

లోలకం పొడవు: 5.2 సెకన్లకు 6.7 మీటర్లు, 4.5 సెకన్లకు 5 మీటర్లు. ఒకే గుండు రెండు దిశలకూ పని చేయాలి కాబట్టి, తీగల్ని ఒక దిశలో మాత్రమే పైనుంచి 1.7 మీటర్ల కింద బిగించి పట్టే ఫ్రేము కావాలి. అంత ఎత్తు లేకపోతే మడత లోలకం చేస్తారు: ఒక ఫ్రేము వేలాడుతుంది, దాని లోపల గుండు వేలాడుతుంది, గది ఎత్తు దాదాపు సగం చాలు. 200 టన్నులకు స్టీలు పలకలైతే 4 × 4 × 1.6 మీటర్ల దిమ్మ.

దాని కింద ఉండే ఆయిల్ డ్యాంపర్ల మొత్తం స్థిరాంకం మీటర్/సెకనుకు సుమారు 24 కిలోన్యూటన్లు. గరిష్ఠ వేగం సెకనుకు 0.84 మీటర్లు అనుకుంటే బలం 20 కిలోన్యూటన్లు, అంటే 2 టన్నులు. 200 టన్నుల దిమ్మను చూసి పెద్ద డ్యాంపర్లు ఆర్డర్ చేసేవాళ్లున్నారు. డ్యాంపర్ మరీ గట్టిదైతే దిమ్మ బిల్డింగ్‌తో పాటే ఊగుతుంది, 200 టన్నుల అలంకారం మిగులుతుంది.

నీటిమట్టం:

పైన లెక్కలన్నీ సరే. ఇంత బరువుకు స్టీలే ఎందుకు? నీళ్లతో చూద్దాం.

దీర్ఘచతురస్రపు ట్యాంకులో నీళ్లు అటూ ఇటూ ఊగే పీరియడ్‌ను పొడవు, లోతు రెండే నిర్ణయిస్తాయి. మీ 5.2 సెకన్లకు రెండు దారులున్నాయి.

తక్కువ లోతు దారి: పొడవు 6.4 మీటర్లు, నీటి లోతు 64 సెంటీమీటర్లు. నీళ్లలో 78 శాతం ఊపులో పాల్గొంటాయి. 200 టన్నుల పని జరగాలంటే 255 ఘనపు మీటర్లు పోయాలి, 64 సెంటీమీటర్ల లోతులో అది 400 చదరపు మీటర్లు. మీ మొత్తం ప్లానే 960. కుదరదు.

లోతైన దారి: పొడవు 11.8 మీటర్లు, లోతు 2.35 మీటర్లు. పాల్గొనేది 72 శాతం, కాబట్టి 280 టన్నుల నీళ్లు, 118 చదరపు మీటర్లు. అంటే ట్యాంకు వెడల్పు 10 మీటర్లు. ఇప్పుడు అదే లోతులో 10 మీటర్ల వెడల్పు వైపు పీరియడ్ వేసి చూడండి: 4.5 సెకన్లు. మీ రెండో దిశ పీరియడ్ కూడా అదే. ఒక్క ట్యాంకు రెండు దిశలకూ అతికింది. అన్ని బిల్డింగులకూ ఇలా కలిసిరాదు, మీకు కలిసొచ్చింది.

10 ఏళ్ల గాలికి గోడ దగ్గర అల అర మీటరు లేస్తుంది. పెద్ద గాలిలో అల నున్నటి వంపులా ఉండదు, గోడకు కొట్టుకుని విరుగుతుంది. నీటి పైన కనీసం 1.2 మీటర్ల ఖాళీ వదిలి, ట్యాంకు కప్పును కింది నుంచి కొట్టే నీటి దెబ్బకు కూడా డిజైన్ చేయండి. మొత్తం ఎత్తు 3.6 మీటర్లు. ఒక అంతస్తులో అయిపోతుంది, గుండుకు రెండు అంతస్తుల పైనే కావాలి.

ఖాళీ ట్యాంకులో నీళ్ల సొంత డ్యాంపింగ్ 1 శాతం కూడా ఉండదు. 5 నుంచి 8 కావాలి కాబట్టి ట్యాంకుకు అడ్డంగా పట్టీల జాలీలు నిలబెట్టాలి. పట్టీల మధ్య సందు ఎంతో స్కేల్ మోడల్ పరీక్షలోనే తేలుతుంది. సందు తక్కువైతే ఒక ట్యాంకు రెండు చిన్న ట్యాంకుల్లా ప్రవర్తించి పీరియడ్ మారిపోతుంది. పట్టీలను బోల్టులతో బిగించండి, వెల్డింగ్ వద్దు. తర్వాత నాలుగు తీయాల్సి రావచ్చు, నాలుగు చేర్చాల్సి రావచ్చు.

ఇంకో పద్ధతి యు ఆకారపు గొట్టం. అందులో లోతు బదులు నీటి స్తంభం మొత్తం పొడవు పీరియడ్‌ను నిర్ణయిస్తుంది, మధ్యలో గేటు తిప్పి డ్యాంపింగ్ మార్చుకోవచ్చు. ఫిలడెల్ఫియాలోని కామ్‌కాస్ట్ సెంటర్‌లో 1,300 టన్నుల నీళ్లతో ఇలాంటిది ఉంది. ఒక్కో గొట్టం ఒక్క దిశకే పని చేస్తుంది, కాబట్టి మీకు రెండు జతలు కావాలి. మామూలు ట్యాంకు అతికినప్పుడు నేనైతే అటు వెళ్లను.

ప్లాస్టిక్‌హింజ్:

క్లయింట్ మాటకు జవాబు: తగ్గించకూడదు. ఒక్క కడ్డీ కూడా. ఒకే దెబ్బకు రెండు పిట్టలు అనే లెక్క ఇక్కడ ఎందుకు తప్పుతుందో చెబుతాను.

గాలి గంటల తరబడి, దాదాపు ఒకే లయలో తోస్తుంది. గుండు నిదానంగా ఊపందుకుని బిల్డింగ్ శక్తిని లాక్కుంటుంది. అలా అందుకోవడానికి మూడు నాలుగు ఊపులు కావాలి, మీ బిల్డింగ్‌కు అది 15 నుంచి 20 సెకన్లు. దగ్గర్లో వచ్చిన భూకంపంలో గట్టి కుదుపు అప్పటికే అయిపోవచ్చు.

ఆ కుదుపులో ఎక్కువ శక్తి 0.2 నుంచి 1 సెకను పీరియడ్‌లలో ఉంటుంది. మీ మొదటి మోడ్ 5.2 దగ్గర కూర్చుంది. దెబ్బ తగిలేది 1 సెకను చుట్టూ ఉండే రెండో మోడ్‌కూ, ఇంకా పైవాటికీ. కోర్ మధ్య ఎత్తులో షియర్ (అడ్డంగా కోసే బలం), మొమెంట్ ఉబ్బడం, నడిమి అంతస్తుల త్వరణాలు వాటి వల్లే. 5.2కు ట్యూన్ చేసిన గుండుకు అవి వినపడనే వినపడవు.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. పెద్ద భూకంపంలో కోర్‌కు బీటలు పడి స్టిఫ్‌నెస్ సగానికి పడితే ఫ్రీక్వెన్సీ 30 శాతం తగ్గుతుంది. ట్యూన్డ్ డ్యాంపర్‌కు 5 శాతం తేడాయే ఎక్కువ. సరిగ్గా అవసరమైన గంటలో శ్రుతి తప్పే పరికరాన్ని నమ్మి స్టీలు తీసేయడం కుదరదు.

పైగా భూకంపంలో గుండే ఒక ప్రమాదం. 200 టన్నులు పైకప్పు దగ్గర వేలాడుతోంది. తీగలకు, వాటి ఊతానికి, బంపర్ రింగుకు, డ్యాంపర్ స్ట్రోకు చివరి స్టాపర్లకు విడిగా భూకంప డిజైన్ చేయాలి. వేగం హద్దు దాటగానే గట్టిపడే డ్యాంపర్లు, లేదా రింగును అల్లుకున్న చిన్న డ్యాంపర్లు పెడతారు.

ఒక మినహాయింపు ఉంది, దాచను. దూరాన వచ్చిన పెద్ద భూకంపం, కింద లోతైన మెత్తటి నేల. 1985లో మెక్సికో సిటీకి భూకంప కేంద్రం 350 కిలోమీటర్ల పైచిలుకు దూరం. పాత సరస్సు మట్టి 2 సెకన్ల లయలో ఊగి, ఆ లయకు దగ్గరగా ఉన్న మధ్యరకం ఎత్తు భవనాలను ఎక్కువగా కూల్చింది. 2011 మార్చి 11న ఒసాకాలో 256 మీటర్ల టవర్ ఒకటి, కేంద్రానికి 700 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉండి కూడా, నేల లయ తన లయతో కలవడంతో పైభాగంలో ఒక్కో వైపు 1.3 మీటర్లకు పైగా ఊగింది, అదీ చాలా నిమిషాల పాటు. అలాంటి నిదానమైన, పొడుగాటి ఊపుకు బరువు డ్యాంపర్ పనికొస్తుంది. టోక్యోలోని షింజుకు మిత్సుయ్ బిల్డింగ్ పైకప్పు మీద 2015లో 300 టన్నుల లోలకాలు ఆరు పెట్టింది అందుకే. మీ సైటు నేల పీరియడ్ 4 నుంచి 6 సెకన్లలో ఉందని జియోటెక్ రిపోర్టు చెబితే తప్ప ఈ మినహాయింపు మీకు వర్తించదు.

గాలికీ భూకంపానికీ రెండింటికీ పని చేయాలంటే ట్యూనింగ్‌తో సంబంధం లేనివి చూడాలి. మీకు 34వ అంతస్తులో ఔట్‌రిగ్గర్ ఎలాగూ ఉంది. దాని కొసను స్తంభానికి గట్టిగా కలపకుండా మధ్యలో నిలువు విస్కస్ డ్యాంపర్లు (చిక్కటి ద్రవంతో పని చేసేవి) పెట్టొచ్చు. కోర్ 1,800వ వంతు తిరిగితే 15 మీటర్ల దూరంలోని స్తంభం దగ్గర నిలువు కదలిక 8 మిల్లీమీటర్లు. 1.5 శాతం డ్యాంపింగ్ చేర్చాలంటే 10 ఏళ్ల గాలిలో అన్ని డ్యాంపర్లూ కలిసి మోయాల్సింది దాదాపు 1,000 కిలోన్యూటన్లు, ఎనిమిదింటికి పంచితే ఒక్కోదానికి 13 టన్నులు. ఇది ఆదర్శ లెక్క. స్తంభం సాగడం, ఔట్‌రిగ్గర్ వంగడం అందులో మంచి వాటా తినేస్తాయి. గట్టి కలయిక పోయినందుకు పీరియడ్ కూడా పెరుగుతుంది. మోడల్ రెండు రకాలుగా నడిపి చూడండి.

ఒక్కో అంతస్తు బ్రేసుల్లో డ్యాంపర్లు పెడదాం అని ఎవరైనా అంటే ఈ లెక్క చూపించండి. అంతస్తు ఎత్తు 3.6 మీటర్లు, 1,800వ వంతు అంటే 2 మిల్లీమీటర్లు, వాలుగా ఉన్న బ్రేసులోకి వచ్చేది 1.6. అటూ ఇటూ కలిపి 3.2 మిల్లీమీటర్ల ప్రయాణం. రెండు చివర్ల పిన్ను రంధ్రాల్లో కలిపి అర మిల్లీమీటరు వదులుంటే ఆరో వంతు అక్కడే మాయం. ఊపు మూడో వంతుకు తగ్గిన మామూలు గాలి రోజున సగం మాయం. అందుకే గాలి కోసం పెట్టేవాటికి వదులు లేకుండా బిగుసుకునే పిన్నులు, లేదా గోళాకారపు బేరింగులు రాయండి.

భూకంపం కోసం చేసిన డ్యాంపర్‌ను యథాతథంగా గాలికి వాడొద్దు. భూకంపంలో దానికి కొన్ని పదుల ఊపులు. గాలిలో 5.2 సెకన్లకొకటి చొప్పున గంటకు దాదాపు 700, పది గంటల తుఫానుకు 7,000. సీళ్లు అరిగి నూనె కారడం ఇక్కడే మొదలవుతుంది. వేగ ఘాతం (బలం వేగంతో ఎలా పెరుగుతుందో చెప్పే ఘాతం) 0.3 లాంటి తక్కువ విలువ ఉన్న డ్యాంపర్, చిన్న వేగాల దగ్గర దాదాపు బిగుసుకున్న కడ్డీలా ఉంటుంది. గాలికి 1కి దగ్గరగా అడగండి.

బేస్ ఐసొలేషన్ (బిల్డింగ్‌ను పునాది దగ్గర మెత్తటి బేరింగుల మీద నిలపడం) అడుగుతారేమో: అది పీరియడ్‌ను 3 సెకన్ల దాకా సాగదీసే పరికరం. మీది ఇప్పటికే 5.2.

పునాది_రాయి:

అందరికీ చాలా థాంక్స్. మూల కోయడానికి ఆర్కిటెక్ట్ 2 మీటర్ల వరకు ఒప్పుకున్నారు, టన్నెల్‌కు మళ్లీ పంపుతున్నాం. స్టీలు తగ్గించే మాట ఆగింది.

ఇంకో రెండు సందేహాలు. ఒకటి, నీటిమట్టం గారు చెప్పిన ట్యాంకునే ఫైర్ ట్యాంకుగా వాడొచ్చా? క్లయింట్‌కు నచ్చే మాట అదొక్కటే. రెండు, మోడల్‌లో 5.2 అన్నది కట్టాక 4.6గా తేలితే పరిస్థితి ఏంటి?

నీటిమట్టం:

ఫైర్ ట్యాంకుగా వాడొచ్చు, తాగునీటి ట్యాంకుగా వద్దు. ఫైర్ నీళ్లు ఎప్పుడూ నిండుగా ఒకే మట్టంలో ఉండాలి, మనకు కావాల్సిందీ అదే. రోజువారీ నీళ్లు పొద్దున నిండి సాయంత్రానికి సగమవుతాయి. అయితే ఫైర్ అధికారులు జాలీలకు ఒప్పుకోవాలి, పంపు పీల్చుకునే చోటు జాలీకి దూరంగా ఉండాలి, పరీక్షకు తీసిన నీళ్లు అదే రోజు మళ్లీ నింపాలి. మంటలార్పేటప్పుడు ఖాళీ అయితే పర్లేదు, ఆ గంటలో ఊపు గురించి ఎవరూ ఫిర్యాదు చేయరు.

మట్టం 3 సెంటీమీటర్లు పడితే లోతైన ట్యాంకు ఫ్రీక్వెన్సీ అర శాతమే తగ్గుతుంది. అదే 64 సెంటీమీటర్ల ట్యాంకులో 2 శాతం పైనే. ఆవిరైనంత నింపుకునే ఫ్లోట్ వాల్వ్, మట్టం చూపే సెన్సర్, దాని అలారం గార్డు రూములో: ఈ మూడూ డ్రాయింగులో ఉండాలి. ఫ్లోట్‌ను ప్రశాంతమైన పక్క గదిలో పెట్టండి. ట్యాంకులోనే పెడితే ప్రతి అలకూ వాల్వ్ తెరుచుకుని మట్టం పెరుగుతూ పోతుంది.

శ్రుతిపెట్టె:

రెండో సందేహానికి నేను జవాబిస్తాను. 4.6 కావడం అరుదేమీ కాదు. కాంక్రీట్ నిజమైన మాడ్యులస్ (సాగకుండా నిలిచే గట్టిదనం) డ్రాయింగులో రాసినదానికంటే ఎక్కువ ఉంటుంది, అడ్డుగోడలు, ముఖభాగం పట్టు ఇస్తాయి, చిన్న ఊపులో బీటలు తెరుచుకోవు. పీరియడ్ మోడల్ కంటే 10, 15 శాతం తక్కువ రావడానికి సిద్ధంగా ఉండాలి, ఎక్కువ వైపు కూడా కొంత మార్జిన్ ఉంచండి. లోలకానికైతే పొడవు పీరియడ్ వర్గంతో మారుతుంది కాబట్టి, అటూ ఇటూ 15 శాతానికి 4.9 నుంచి 8.9 మీటర్ల దాకా సర్దుబాటు కావాలి. ట్యాంకుకు ఆ వెసులుబాటు తక్కువ: లోతు 10 సెంటీమీటర్లు మార్చినా ఫ్రీక్వెన్సీ 2 శాతం కూడా కదలదు. అందుకే ట్యాంకు ఒక చివర గోడను కదిలేదిగా, లేదా లోపల ప్యానెళ్లు చేర్చి పొడవు తగ్గించేలా ముందే చూసుకోవాలి. నీటిమట్టం గారు లోతైన ట్యాంకును మెచ్చుకున్న గుణమే ఇక్కడ అడ్డం పడుతుంది.

కొలత ఇలా. స్ట్రక్చర్ పూర్తయ్యాక ఒకసారి, ముఖభాగం, అడ్డుగోడలు అయ్యాక ఇంకోసారి. పై అంతస్తులో ఎదురెదురు మూలల్లో రెండు సెన్సర్లు, కోర్ దగ్గర ఒకటి. మూలల రీడింగుల తేడాలో మెలిక మోడ్ కనబడుతుంది. నడిమి గుండు మెలికను ఆపలేదు, అది పెద్దదైతే బరువును రెండుగా చీల్చి రెండు చివర్లకు జరపాలి. సెన్సర్ 0.1 హెర్ట్జ్ దగ్గర కూడా నిశ్శబ్దంగా ఉండే రకం కావాలి. ఫోను యాప్ గాలి బలంగా ఉన్న రోజున పీరియడ్ చూపిస్తుందేమో గానీ డ్యాంపింగ్‌కు పనికిరాదు.

డ్యాంపింగ్ కొలతలో అందరూ పడే గుంత ఒకటుంది. 0.2 హెర్ట్జ్ దగ్గర 1 శాతం డ్యాంపింగ్ అంటే స్పెక్ట్రమ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత ఊపో చూపే గీత) శిఖరం వెడల్పు 0.004 హెర్ట్జ్. దాన్ని చూడాలంటే 0.001 రిజల్యూషన్ కావాలి, అంటే ఒక్కో ముక్క 1,000 సెకన్లు, అలాంటివి పదుల్లో సగటు చేయాలి. పది నిమిషాల రికార్డుతో లెక్కేస్తే శిఖరం ఉన్నదానికన్నా వెడల్పుగా కనిపించి, డ్యాంపింగ్ 3 శాతం ఉంది, డ్యాంపర్ అక్కర్లేదు అని రిపోర్టు వస్తుంది. ఒక రాత్రంతా రికార్డు చేయండి.

గుండు బిగించాక పరీక్ష: 30 సెంటీమీటర్లు పక్కకు లాగి వదలండి. 5 శాతం డ్యాంపింగ్ ఉంటే తర్వాతి ఊపులు 22, 16, 12గా దిగాలి. మొదటి రెండు మూడింటినే నమ్మండి. ఆ తర్వాత బిల్డింగ్ కూడా ఊగడం మొదలుపెట్టి శక్తి వెనక్కిస్తుంది, అంకెలు కలగాపులగమవుతాయి. ఊపు చిన్నదయ్యాక ఒక్కసారిగా ఆగిపోతే ఎక్కడో రాపిడి ఉన్నట్టు. పట్టాల మీద జారే రకానికి ఈ జబ్బు ఎక్కువ: రాపిడి 0.3 శాతం ఉన్నా, బిల్డింగ్ 3 మిల్లీ జీ దాటేదాకా దిమ్మ కదలదు. న్యూయార్క్ సిటీకార్ప్ భవనంలోని 400 టన్నుల కాంక్రీట్ దిమ్మను నూనె పొర మీద తేల్చింది ఈ రాపిడి పోగొట్టడానికే, కానీ ఆ నూనె పంపులకు కరెంటు కావాలి. తుఫానులో ముందు పోయేది కరెంటే. మీ బరువుకు వేలాడే రకమే మేలు.

గాలిలెక్క:

పై వాటితో నాకు పేచీ లేదు, ఒక చిన్న చేర్పు. ట్యాంకుకైనా గుండుకైనా ఆర్డర్ ఇప్పుడే ఇవ్వకండి. 2 మీటర్ల మూల కోతతో 21 ఎంతకు దిగుతుందో టన్నెల్ అంకె రానివ్వండి. 17 దగ్గర ఆగితే కావాల్సిన మొత్తం డ్యాంపింగ్ 2 శాతమే, అప్పుడు 100 టన్నులు చాలు. పైకప్పు దగ్గర చోటు, 280 టన్నులు మోసే దూలాలు మాత్రం ఇప్పుడే డ్రాయింగులో ఉంచండి. తర్వాత బరువు తగ్గించుకోవచ్చు, దూలం చేర్చలేరు.

లిఫ్టు వాళ్లకు కూడా రెండు పీరియడ్‌లూ రాసి పంపండి. కారు ఏదో ఒక అంతస్తు దగ్గర ఉన్నప్పుడు తాళ్ల ఊపు బిల్డింగ్ లయతో కలిస్తే తాళ్లు షాఫ్ట్ బ్రాకెట్లకు చుట్టుకుంటాయి. పైన సెన్సర్ పెట్టి, ఊపు పెరగగానే వేగం తగ్గించి, కారును ఆ అంతస్తులకు దూరంగా నిలిపే ఏర్పాటు కంట్రోలర్‌లో ఉండాలి. డ్యాంపర్ పెట్టాక కూడా ఇది తీసేయొద్దు.